జపనీస్‌లో అంతస్తుల లెక్క: ఇక్కై, నికై తర్వాత సంగై ఎందుకు?

మీరు అడిగినవి మూడు సంగతులు. టోక్యోలో ఉద్యోగం ఖాయమై ఇల్లు వెతుకుతున్నారు కాబట్టి, ప్రకటనలో ‘2ఎఫ్’ అని ఉంటే అది మన ఫస్ట్ ఫ్లోరా, సెకండ్ ఫ్లోరా అన్నది మొదటిది. అంకెలకు వరసగా అంతస్తు అని చెప్పే ‘కై’ తగిలిస్తూ పోతే మూడు దగ్గర ‘సంకై’ కాదు ‘సంగై’ అని మీ టీచరు దిద్దారు, ఎందుకన్నది రెండోది. పట్టికంతా బట్టీ వచ్చినా ఎవరైనా హఠాత్తుగా అడిగితే నోరు పెగలడం లేదు, ఎలా అలవాటు చేసుకోవాలన్నది మూడోది.

నేను చాలా ఏళ్ళు టోక్యోలో అనువాదకురాలిగా పనిచేశాను. ఇప్పుడు హైదరాబాదులో మనవాళ్ళకు ఈ భాష నేర్పుతున్నాను. తెలుగువాళ్ళు అంతస్తుల దగ్గర తడబడేది జపనీస్ కష్టమై కాదని నా గట్టి నమ్మకం. మధ్యలో ఇంగ్లీషును దూరుస్తారు, అదీ కారణం. లెక్క తప్పేది ‘ఫస్ట్ ఫ్లోర్’ అనే మాట వల్ల, ఉచ్చారణ తప్పేది రోమన్ అక్షరాల్లో రాసుకోవడం వల్ల. ఈ రెండింటినీ పక్కన పెడితే మీ పని సగం అయినట్టే.

ముందు నేల సంగతి. జపాన్‌లో వీధిలోంచి నేరుగా అడుగుపెట్టే అంతస్తే ఇక్కై, అంటే ఒకటో అంతస్తు. అక్కడ సున్నా లేదు, గ్రౌండ్ లేదు. కాబట్టి మీరు చూసిన 2ఎఫ్ మన ఫస్ట్ ఫ్లోర్, ఒక వరస మెట్లు ఎక్కితే చాలు. 5ఎఫ్ అంటే మన ఫోర్త్ ఫ్లోర్. మన బిల్డర్లు జీ ప్లస్ ఫోర్ అనేదాన్ని అక్కడ గొకైదతె, అంటే ఐదంతస్తుల భవనం అంటారు. నిజానికి పాత తెలుగు లెక్క కూడా ఇదే. ‘రెండంతస్తుల మేడ’ అన్నప్పుడు మనం కింది భాగాన్ని కూడా కలిపే లెక్కపెడతాం. బ్రిటిష్ పద్ధతి వచ్చి కింది భాగానికి గ్రౌండ్ అని పేరు పెట్టి, పైదాన్ని ఫస్ట్ చేసింది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పేది, జపనీస్ అంతస్తును ఫ్లోర్‌గా అనువదించుకోవద్దని, ఎన్నో అంతస్తని తెలుగులోనే అనుకోమని. రెండో అంతస్తు, నికై. అంతే.

గది నంబర్లలోనూ ఈ తేడా ఉంది. మన అపార్ట్‌మెంట్లలో 101 చాలాచోట్ల పార్కింగు మీద ఉండే ఫ్లాటు. అక్కడ 101 నేల మీదనే ఉంటుంది. 302 అంటే మూడో అంతస్తులో రెండో ఇల్లు, రెండు వరసల మెట్లు. దాన్ని ‘సన్ మరు ని గోషిత్సు’ అని చదువుతారు. మధ్యలో సున్నాను ‘మరు’ అంటారు, గుండ్రం అని. ఇంటి నంబరు చెప్పేటప్పుడు ‘సంబ్యకు ని’ అని మూడువందల రెండుగా చదవకండి, అంకెలు విడివిడిగానే చదవడం వాడుక.

ఇల్లు వెతికేటప్పుడు ఇంకో రెండు విషయాలు చూసుకోండి. ‘దంచి’ అని పిలిచే పాత హౌసింగ్ కాలనీల్లో చాలా భవనాలు ఐదంతస్తులవి, వాటిలో ఎక్కువవాటికి లిఫ్టు ఉండదు. ‘ఐదో అంతస్తు, లిఫ్టు లేదు’ అని కనిపిస్తే అది నాలుగు వరసల మెట్లు. చిన్నపిల్లలో పెద్దవాళ్ళో వెంట ఉంటే ఆలోచించుకోవాల్సిన విషయమే. రెండోది, కింద స్తంభాల మీద నిలబెట్టి కార్లు పెట్టుకునే భవనాల్లో ఆ పార్కింగు భాగాన్నే సాధారణంగా ఒకటో అంతస్తుగా లెక్కేస్తారు, ఇళ్ళు 201తో మొదలవుతాయి. మన స్టిల్ట్ ప్లస్ ఫైవ్‌కు అక్కడ పేరు రొక్కైదతె, ఆరంతస్తులది. ఇళ్ళ సైట్లలో ‘నికై ఇజో’ అని ఒక గడి ఉంటుంది. రెండో అంతస్తు, ఆపైన అని దాని అర్థం. రెండు కూడా అందులో చేరుతుంది. నేల మీది ఇల్లు వద్దనుకునేవాళ్ళు దాన్ని ఎంచుకుంటారు.

ఇంకో మాట. ఉత్త ‘నికై’ అంటేనే ఇళ్ళల్లో మనం ‘మేడ మీద’ అనేదానికి సమానం. సొంత ఇళ్ళు ఎక్కువగా రెండంతస్తులవే కాబట్టి ‘నికై ని ఇమస్’ అంటే మేడ మీద ఉన్నారని. సామెతల్లోకి కూడా అది అలాగే ఎక్కింది. ‘నికై కర మెగుసురి’ అని ఒకటుంది. మేడ మీద నిలబడి కింద ఉన్నవాడి కంట్లో చుక్కల మందు వేయడం. పని జరగని చుట్టుదారి ప్రయత్నాన్ని అలా అంటారు. మనిషిని మేడ ఎక్కించి నిచ్చెన తీసేయడం గురించి కూడా ఇంకో సామెత ఉంది, నమ్మించి వదిలేయడం అని. ఈ రెండూ గుర్తుంటే నికై ఎక్కడుంటుందో ఇక మరిచిపోరు.

ఇప్పుడు ఉచ్చారణ. ఇక్కడ తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే తెలుగు తెలిసినవాళ్ళకు ఇందులో దొరికినంత సాయం ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్ళకు దొరకదు.

రోమన్ అక్షరాల నోట్సు మూసేసి తెలుగులో రాసుకోండి. ఇక్కై, నికై, సంగై, యొంకై, గొకై, రొక్కై, ననకై, హక్కై, క్యూకై, జుక్కై. జపనీస్‌కు కావలసిన పొట్టి ఒ, ద్విత్వం, సున్న, దీర్ఘం అన్నీ మన లిపిలో ఉన్నాయి. ఒక్క అక్షరం బదులు ఒత్తు పడితే మాటే మారిపోతుందని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. గుడికీ గుడ్డికీ, అటుకూ అట్టుకూ తేడా చిన్నప్పుడే చెవికి పట్టింది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు నెలల తరబడి సాధన చేసే ఒత్తు మీకు పుట్టుకతో వచ్చింది, దాన్ని రోమన్ లిపిలో పోగొట్టుకోకండి.

జపనీస్‌లో ప్రతి శబ్దానికీ కాలపు కొలత ఉంటుంది, మన ఛందస్సులో మాత్ర ఉన్నట్టే. ఇక్కైలో ‘ఇ’ తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి గురువు, ‘కై’ గురువు, మొత్తం నాలుగు మాత్రలు. జపాన్‌వాళ్ళు లెక్కపెట్టినా ఇ, క్, క, ఇ అని నాలుగే వస్తాయి. సంగై నాలుగు, యొంకై నాలుగు, ననకై నాలుగు. ఒకటి నుంచి పది దాకా అన్నీ నాలుగు మాత్రలే, రెండూ ఐదూ తప్ప. నికై, గొకై మూడేసి మాత్రలు. మనవాళ్ళు పొరబడేది కూడా ఈ రెండింటి దగ్గరే. పొట్టిగా ఉన్నాయని సాగదీసి ‘నీకై’, ‘గోకై’ అంటారు. ‘నీకై’ తెలుగులో మాట కావడంతో నాలుక అటే పోతుంది. గోకై అంటే మరో మాట, జంకులేని, ధాటి గల అని. చేత్తో తొడ మీద తాళం వేస్తూ చెప్పండి, ఈ రెండింటి దగ్గర ఒక దెబ్బ తగ్గాలి.

ఇక మీ టీచరు దిద్దిన సంగై. బడిలో చదివిన సరళాదేశ సంధి గుర్తు చేసుకోండి. ద్రుతప్రకృతికము మీది పరుషములకు సరళములగు. పూచెను, కలువలు కలిస్తే పూచెనుంగలువలు. ‘న్’ తర్వాత వచ్చిన ‘క’ మెత్తబడి ‘గ’ అయింది. సన్ మీద కై వస్తే సంగై. రెండు భాషలకూ చుట్టరికం ఉందని చెప్పడం లేదు. ముక్కుతో పలికే ధ్వని నుంచి వెంటనే ‘క’లోకి వెళ్ళేటప్పుడు గొంతు నాదం ఆగకుండా కొనసాగితే ‘గ’ వస్తుంది, అది నోటికి సహజం. అందుకే పదమూడు జూసంగై, ఇరవై మూడు నిజూసంగై. ఎన్నో అంతస్తని అడిగే ‘నన్’ కూడా ఇలాగే నంగై అవుతుంది.

మరి యొన్ కూడా ‘న్’తోనే ముగుస్తుంది, అది యొంగై ఎందుకు కాలేదు? ఈ ప్రశ్న అడిగేవాళ్ళంటే నాకు ఇష్టం, ఎందుకంటే దీని జవాబుతో పట్టిక మొత్తం తెరుచుకుంటుంది. ఈ అంకెల్లో ఎక్కువ చైనా నుంచి వచ్చినవి. యొన్, నన రెండూ మాత్రం అచ్చ జపనీస్ మాటలు. నాలుగుకు చైనా నుంచి వచ్చిన మాట ‘షి’, అది చావు అనే మాటలాగే వినిపిస్తుంది. ఏడుకు ‘షిచి’, అది ఒకటికి చెప్పే ‘ఇచి’తో కలిసిపోతుంది. చాలా లెక్కల్లో ఆ రెండింటి చోటా దేశీ మాటలు నిలబడ్డాయి. వాటికి ఈ సంధులు అంటలేదు. అందుకే యొంకై, ననకై అని మార్పు లేకుండా ఉంటాయి.

చైనా నుంచి వచ్చినవాటిలో ఒకటి, ఆరు, ఎనిమిది, పది పాతకాలంలో హల్లుతో ఆగిపోయే మాటలు. హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్‌లో ఈరోజుకీ వాటిని యాత్, లుక్, బాత్, సప్ అనే అంటారు, మూడును సామ్ అంటారు. ఆ ఆగిపోయే హల్లు పక్కన ‘క’ వచ్చేసరికి రెండూ కలిసి ‘క్క’ అయ్యాయి. ఇచి ఇక్ అయింది, రొకు రొక్ అయింది, హచి హక్ అయింది, జూ పొట్టిదై జుక్ అయింది. వందకు హ్యకు, వందో అంతస్తుకు హ్యక్కై. ని, గొ, క్యూ అచ్చుతో ముగిసేవి కాబట్టి వాటికి ఏమీ జరగలేదు. చూడండి, పది మాటలు బట్టీ పట్టక్కర్లేదు. నాలుగు ఒత్తులు, ఒక గ, మిగతా ఐదు మామూలు. పది దాటితే చివరి ముక్క ఒక్కటే చూసుకోవాలి. జూఇక్కై, జూరొక్కై, నిజుక్కై.

ఎనిమిదికి హచికై అని కూడా వింటారు, అది కూడా సరైనదే. పదికి పాత పద్ధతిలో జిక్కై అనేవారు, ఇప్పుడు ఎక్కువమంది జుక్కై అంటారు. 2010లో ప్రభుత్వం సవరించిన నిత్య వాడుక కంజిల, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల పట్టికలో జుక్ ఉచ్చారణకు కూడా చోటిచ్చారు. మూడుకు సంకై, ప్రశ్నకు నంకై అనేవాళ్ళు కూడా కలుస్తారు, ముఖ్యంగా యువతలో. అర్థమవుతుంది, ఎవరూ తప్పు పట్టరు. అయినా మీరు సంగై, నంగై అనే నేర్చుకోండి. కారణం మర్యాద కాదు, స్పష్టత. ‘సార్లు’ అని చెప్పే ఇంకో కై ఉంది. మూడుసార్లు అంటే సంకై, ఎన్నిసార్లు అంటే నంకై. గ పలికితే అంతస్తు, క పలికితే సార్లు అని విడిపోతాయి. ఒకటికీ రెండుకూ ఆ సౌకర్యం లేదు. అక్కడ స్వరం చూసుకోవాలి. రెండో అంతస్తు అనే నికై సమంగా సాగిపోతుంది, రెండుసార్లు అనే నికైలో ‘క’ దగ్గర లేచి వెంటనే దిగుతుంది. ఇక్కైలోనూ అంతే. ఇది ఇప్పుడే రావాలని లేదు, చెవికి ఒకసారి తెలిస్తే చాలు.

నాలుగును షికై అనకండి, ఆ ధ్వనితో పళ్ళ డాక్టరు అనే మాట ఉంది. తొమ్మిదిని కుకై అనకండి, క్యూ సాగాలి.

తెలుగులో ‘మూడో అంతస్తు’ వేరు, ‘మూడంతస్తులు’ వేరు. జపనీస్‌లో సంగై అన్న ఒక్క మాటే ప్రధానంగా మూడో అంతస్తును చెబుతుంది. భవనానికి మొత్తం ఎన్ని అంతస్తులో చెప్పాలంటే దతె చేర్చాలి, సంగైదతె. ఒక్క అంతస్తే ఉన్న ఇంటిని హిరయ అంటారు. మెట్ల మీదుగా మూడు అంతస్తుల ఎత్తు ఎక్కామని చెప్పాలంటే సంగైబున్. మా పై అంతస్తు అని చెప్పాలంటే అంకె మార్చక్కర్లేదు, ‘హితొత్సు ఉఎ నొ కై’, ఒకటి పైన ఉన్న అంతస్తు. పైన ఎవరో చప్పుడు చేస్తున్నారని ఇంటి ఏజెంటుకు చెప్పాల్సి వచ్చినప్పుడు ఇదే పనికొస్తుంది.

ప్రత్యయాల దగ్గర ఒక జాగ్రత్త. మన ‘లో’ రెండు పనులు చేస్తుంది, జపనీస్‌లో ఆ రెండింటికీ రెండు ముక్కలున్నాయి. మూడో అంతస్తులో ఉంది అంటే ‘సంగై ని అరిమస్’. మూడో అంతస్తులో దిగుతాను అంటే ‘సంగై దె ఒరిమస్’. ఉండటానికి ని, పని జరగడానికి దె.

పాత కట్టడాల దగ్గర ‘కై’ మాట ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. బౌద్ధ ఆలయాల ఐదంతస్తుల గోపురాన్ని ‘గొజూనొతో’ అని అంటారు, అక్కడ కై లేదు, ‘జూ’ అనే మాట ఉంటుంది, పది అనే జూ కాదు, పొర అని. పైకప్పులు ఒకదాని మీద ఒకటి ఎన్ని ఉన్నాయో అది లెక్కపెడుతుంది. లోపల ఎక్కి నివసించేందుకు కట్టింది కాదది. హిమెజి కోట ప్రధాన బురుజు దగ్గర రెండు లెక్కలూ ఒకేచోట కలుస్తాయి. బయటి నుంచి ఐదు జూ, లోపల ఆరు కై, కింద నేలమాళిగ ఒకటి. బయట నిలబడి కప్పులు లెక్కపెట్టినవాడికి, లోపల మెట్లెక్కినవాడికి వేరువేరు అంకెలు వస్తాయి. కై అంటే మనిషి నడిచే నేల అని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. చదివే వాళ్ళెవరైనా హిమెజి వెళ్తే రెండూ లెక్కపెట్టి రండి.

ఆధునిక కాలంలో అంతస్తుల సంఖ్యే పేరైన కట్టడం కూడా ఉంది. 1890లో టోక్యో అసకుసలో ర్యోఉంకకు అనే పన్నెండంతస్తుల బురుజు కట్టారు. పది అంతస్తులు ఇటుకతో, పై రెండూ కర్రతో. జపాన్‌లో మనుషులను మోసే విద్యుత్ లిఫ్టు మొదట పెట్టింది అందులోనే, అయితే భద్రంగా లేదని కొన్ని నెలలకే ఆపించారు. జనం దాన్ని అసలు పేరుతో కాక జూనికై, పన్నెండంతస్తులు అనే పిలిచేవారు. 1923 కాంతో భూకంపంలో ఎనిమిదో అంతస్తు దగ్గర విరిగిపడింది, తర్వాత కూల్చేశారు. ఆ తర్వాత చాలాకాలం 31 మీటర్లకు మించి కట్టనివ్వలేదు. 1968లో వచ్చిన కసుమిగసెకి బిల్డింగుతో ఎత్తైన భవనాల కాలం మొదలైంది. దాని నేల పైన 36 అంతస్తులు, సంజూరొక్కై. 1978లో ఇకెబుకురొలో కట్టినదానికి సన్‌షైన్ 60 అని పేరు, అరవై అంతస్తులు కాబట్టి. భవనం పేరులో అంకెను ఉత్తగా రొకుజూ అంటారు, దాని పై అంతస్తుకు వెళ్ళాలంటే మాత్రం రొకుజుక్కై. పెద్ద అంకెలు సాధన చేయడానికి ఇవన్నీ పనికొస్తాయి. టోక్యో మహానగర ప్రభుత్వ భవనంలో 45వ అంతస్తు నుంచి ఊరంతా ఉచితంగా చూడొచ్చు, యొంజూగొకై. యొకొహమ లాండ్‌మార్క్ టవరుకు 70 అంతస్తులు, దాని వీక్షణ స్థలం 69లో ఉంది, రొకుజూక్యూకై.

ఒక్కచోట మాత్రం అంకెను నమ్మకండి. టోక్యో స్కైట్రీ టవరులో ఫ్లోర్ 350 అనీ, ఫ్లోర్ 450 అనీ బోర్డులుంటాయి. అవి అంతస్తులు కావు, మీటర్లలో ఎత్తు. అందుకే అక్కడ కై అనరు, ఫ్లోర్ అనే మాటే జపనీస్ ఉచ్చారణలో వాడతారు.

నేల కిందికి వెళ్తే ముందు ‘చిక’ చేర్చండి. చిక ఇక్కై, చిక నికై. బోర్డు మీద బీ1, బీ2 అని ఉంటుంది. పెద్ద షాపుల్లో తినుబండారాల అంగళ్ళు ఎక్కువగా నేలమాళిగలోనే ఉంటాయి, వాటికి దెపచిక అనే ముద్దుపేరుంది. టోక్యో స్టేషన్‌లో సోబు, యొకొసుక లైన్ల ప్లాట్‌ఫారాలు చిక గొకైలో, అంటే భూమికింద ఐదో అంతస్తులో ఉంటాయి. రైలు పట్టుకోవాలంటే ముందే బయల్దేరండి. షిబుయ లోయలో ఉన్న ప్రాంతం కాబట్టి అక్కడ గింజా లైను భూగర్భ రైలైనా దాని ప్లాట్‌ఫారం మూడో అంతస్తులో, సంగైలో ఉంది. పై డాబాను ఒకుజో అంటారు, బోర్డు మీద ఆర్ అని ఉంటుంది. అన్నిటికంటే పై అంతస్తు సైజోకై.

ఇక మీ మూడో ప్రశ్న, నోటికి రావడం. ఒకటి నుంచి పది దాకా వరసగా అప్పజెప్పడం ఆపేయండి. వరసగా వచ్చేది పాటలాగా వస్తుంది, మధ్యలో ఆరు అడిగితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. బదులుగా మీరు రోజూ ఎక్కే లిఫ్టునే వాడండి. మీ ఆఫీసు లిఫ్టులో జీ నొక్కినప్పుడు ఇక్కై అనుకోండి, 1 నొక్కినప్పుడు నికై, 2కు సంగై. కంటికి ఒక అంకె కనిపిస్తుంటే నోరు ఇంకోటి చెప్పడం మొదట చికాకుగా ఉంటుంది, కానీ లెక్క మారడమూ పలుకు మారడమూ ఒకేసారి జరుగుతాయి. పై నుంచి కిందికి వచ్చేటప్పుడు వెనక్కి చెప్పండి. తోటి విద్యార్థి ఉంటే షాపు ఆట ఆడండి. జపాన్‌లో పెద్ద షాపుల అంతస్తు పట్టికలు వాళ్ళ సైట్లలో దొరుకుతాయి. ఒకరు ‘కుత్సు వ నంగై దెస్ క’, చెప్పులు ఎన్నో అంతస్తులో అని అడగాలి, రెండోవారు పట్టిక చూసి ‘యొంకై దెస్’ అనాలి. ఒక్క అంకె విడిగా కాక వాక్యంలో వచ్చింది కాబట్టి నిలుస్తుంది. ఒత్తులు పడే నాలుగింటినీ, సంగైనీ మాత్రం ఎక్కువసార్లు అడగమనండి.

ఇదే సంధి ఇంకెక్కడెక్కడ వస్తుందో గమనిస్తే ఈ శ్రమ రెట్టింపు ఫలిస్తుంది. ఇళ్ళనూ దుకాణాలనూ లెక్కపెట్టే ‘కెన్’తో ఇక్కెన్, సంగెన్, రొక్కెన్, నంగెన్. మూడువందలు సంబ్యకు, మూడువేలు సన్‌జెన్. ప్రతి అంతస్తులోనూ ఆగే లిఫ్టు మీద ఉండే మాట కక్కై. కకు అంటే ప్రతి, రొకు రొక్ అయినట్టే కకు కక్ అయింది.

వాడే సందర్భాలు చెప్తాను. లిఫ్టులో మీటల దగ్గర నిలబడ్డవారు ‘నంగై దెస్ క’ అని అడుగుతారు. ‘గొకై, ఒనెగై షిమస్’ అంటే చాలు. పెద్ద భవనాల్లోని హోటళ్ళలో రిసెప్షన్ కింద కాక పైన ఎక్కడో ఉండటం మామూలే. కింద ఎవరూ కనబడకపోతే ‘ఫురొంతొ వ నంగై దెస్ క’ అని అడగండి. సముద్ర తీరంలోని ఊళ్ళలో సునామీ వస్తే ఎక్కాల్సిన భవనాల మీద ‘సంగై ఇజో’ లాంటి మాట కనిపించవచ్చు. అంటే మన లెక్కలో సెకండ్ ఫ్లోర్, ఆపైన.

అంబులెన్సుకు 119 చేసినప్పుడు ముందు ‘కజి దెస్ క, క్యూక్యూ దెస్ క’ అని అడుగుతారు, మంటా, అత్యవసర వైద్యమా అని. తర్వాత చిరునామా. మీ వాక్యాన్ని ఇప్పుడే రాసి గోడకు అంటించుకోండి. ‘గొకైదతె నొ సంగై దెస్, సన్ మరు ని గోషిత్సు దెస్’. ఐదంతస్తుల భవనంలో మూడో అంతస్తు, 302. కంగారులో ‘ఫస్ట్ ఫ్లోర్, సెకండ్ ఫ్లోర్’ అని ఇంగ్లీషులో చెప్తే అవతలివాళ్ళు తమ లెక్కలో ఒక అంతస్తు కింద వెతుకుతారు. పెద్దవాళ్ళను, పిల్లలను తీసుకెళ్ళేవాళ్ళు ఇంట్లో అందరి చేతా ఈ ఒక్క వాక్యం పలికించండి.

ఆఫీసు గురించి ఒకటి మిగిలింది. ఎత్తైన భవనాల్లో లిఫ్టులు గుంపులుగా ఉంటాయి. కింది అంతస్తులకు వెళ్ళేవాటి మీద తెయ్‌సోకై అనీ, పై వాటికి కోసోకై అనీ రాసి ఉంటుంది. రొప్పొంగి హిల్స్ మొరి టవర్‌లాంటి చోట్ల లిఫ్టు పెట్టెలు ఒకదాని మీద ఒకటి రెండుంటాయి, బేసి అంతస్తులకూ సరి అంతస్తులకూ వేరువేరు చోట్ల ఎక్కాలి. బేసి కిసూకై, సరి గూసూకై. మీ కంపెనీ పంపిన ఉత్తరంలో అంతస్తు అంకె ఉండే ఉంటుంది. అది ఏదో ఇక్కడ రాయండి, మొదటి రోజు కింద రిసెప్షన్‌లో చెప్పాల్సిన వాక్యం మొత్తం పలుకుతో సహా రాసిస్తాను.